ఇంటికి దారి మూయకండి

గచ్చిబౌలిలో పనిచేసే మా బంధువుల అబ్బాయికి ఈ వారం ఆఫీసులో సంజాయిషీ నోటీసు ఇచ్చారు. ఆఫీసు కంప్యూటర్ నుంచి ఇంట్లోని కంప్యూటర్‌కు ఎస్‌ఎస్‌హెచ్ కనెక్షన్, అంటే దూరంలోని కంప్యూటర్‌ను వాడుకునే భద్రమైన దారి, పెట్టుకున్నాడట. మోకాలి ఆపరేషన్ అయిన తల్లి ఇంట్లో ఒక్కతే ఉంటుంది. మధ్యాహ్నం ఒకసారి కెమెరాలో ఆమెను చూసుకుంటే తప్ప అతని మనసు కుదుటపడదు.

ఎస్‌ఎస్‌హెచ్ వాడే 22వ పోర్టును ఆఫీసు ఫైర్‌వాల్ మూసేసింది. వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌కు యూడీపీ పద్ధతి కావాలి, అదీ బంద్. మిగిలింది వెబ్‌సైట్ల కోసం తెరిచే 443వ పోర్టు. దాని మీదే నడిపాడు. ఎస్‌ఎస్‌హెచ్ మొదటి పలకరింపులోనే తన పేరు చెప్పేస్తుంది కాబట్టి పోర్టు మార్చినా దొరికిపోయాడు.

కాపలా పెట్టుకునే హక్కు కంపెనీకి ఉంది. ఖాతాదారుల డేటా ఉన్న యంత్రం నుంచి బయటికి తవ్విన సొరంగంలోంచి దొంగ లోపలికీ రాగలడు. కానీ 2020 లాక్‌డౌన్‌లో ఇవే కంపెనీలు మన బ్రాడ్‌బ్యాండ్ మీద, మన కరెంటు మీద మన పడకగదుల్లోకి వచ్చాయి. ఇప్పటికీ రాత్రి పదింటికి మీటింగులు పెడుతున్నాయి. ఆఫీసు ఇంట్లోకి రావచ్చు గానీ, ఉద్యోగి పది నిమిషాలు ఇంటివైపు చూడకూడదా? ఆఫీసు నెట్‌వర్క్‌తో సంబంధం లేని వైఫై ఒకటి సొంత ఫోన్లకు ఇస్తే ఎవరూ దొంగదారి వెతకరు.

అసలు ఇంటి దగ్గరే మనకు అన్యాయం జరుగుతోంది. ఇంటర్నెట్‌లో పాత తరం ఐపీవీ4 చిరునామాలు మొత్తం 429 కోట్లే. వాటి కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరిలోనే అయిపోయింది. అందుకని ఇంటర్నెట్ కంపెనీలు ఒకే చిరునామా వెనుక ఎన్నో ఇళ్లను కుక్కుతున్నాయి. అలాంటి ఇంటికి బయటి నుంచి నేరుగా చేరే వీలుండదు. ఈ అబ్బాయి మారని సొంత చిరునామాకు (స్టాటిక్ ఐపీకి) నెలనెలా విడిగా డబ్బు కడుతున్నాడు. అంత స్తోమత లేనివాళ్లు తమ ఇంటి దృశ్యాలను కెమెరా కంపెనీ సర్వర్లకు అప్పగించి, అక్కడి నుంచి చూసుకుంటున్నారు. కొత్త తరం ఐపీవీ6లో చిరునామాలకు కరువు లేదు. అయినా రౌటర్‌లో దారి ఎలా తెరవాలని అడిగితే కస్టమర్ కేర్‌లో జవాబు చెప్పేవాళ్లు అరుదు.

2023లో మన ప్రభుత్వం బ్రాడ్‌బ్యాండ్ అంటే కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలని నిర్వచనం మార్చింది. వేగం ఒక్కటే చాలదు. బయటి నుంచి చేరుకోగల చిరునామా కూడా అదనపు రుసుము లేకుండా ఆ నిర్వచనంలో చేరాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఈ పని వెంటనే మొదలుపెట్టాలి.