సీసా మీద విధవరాలు

మా ఆడపడుచు కొడుకు ఫ్రాన్సు వెళ్ళొస్తూ ఖాళీ షాంపేన్ సీసా ఒకటి తెచ్చి, మనీప్లాంటు వేసుకోమని నాకిచ్చాడు. దాని మీద పసుపుపచ్చ లేబులు, "వవ్ క్లికో" అని పేరు. వవ్ అంటే ఏమిట్రా అని అడిగితే, "విధవ అత్తయ్యా! క్లికో గారి విధవ. చూడు, మనవాళ్ళయితే ఎదురొస్తే వెనక్కి తిరిగేవారు. వాళ్ళు సీసా మీద వేసి రెండొందల ఏళ్ళుగా పూజిస్తున్నారు!" అన్నాడు.

మనవాళ్ళ గురించి వాడన్నది అక్షరాలా నిజం. మగపిల్లాణ్ణి తిట్టాలన్నా మన నోటికి మొదట వచ్చేది ఆ మాటే కదా! ఆ పేరు పసుపు కాగితం మీద కనబడితే నాకూ ఓ క్షణం ముచ్చటేసింది. కానీ వాళ్ళు పూజించారన్న మాట మాత్రం మింగుడు పడలేదు.

ముందే చెబుతున్నాను, నేను సీసాకి వకాల్తా పుచ్చుకోవడం లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద ఎందుకు లేచారో నాకు తెలుసు. నా పేచీ సీసాలో ఉన్నదాంతో కాదు, సీసా మీద ఉన్నదాంతో.

ఆవిడ అసలు పేరు బార్బ్ నికోల్ పొన్సార్దాఁ. 1777లో రాన్స్ పట్నంలో బట్టల మిల్లు యజమాని ఇంట పుట్టింది. 1798లో క్లికో వారి కోడలయింది. 1805లో భర్త జ్వరంతో పోయాడు. అప్పటికి ఆవిడకి ఇరవై ఏడేళ్ళు, చేతిలో ఒక ఆడపిల్ల. మామగారు వ్యాపారం మూసేద్దామన్నాడు. నేను నడుపుతానంది కోడలు. సరేగానీ ముందు పని తెలిసినవాడి దగ్గర నేర్చుకో అని షరతు పెట్టాడాయన. నాలుగేళ్ళు భాగస్వామి దగ్గర పని నేర్చుకుని, 1810లో సొంతంగా నిలబడింది. 1814లో నెపోలియన్ యుద్ధాలు చల్లబడుతుండగానే, పోటీదారులు కళ్ళు తెరిచేలోపు, పదివేలకు పైగా సీసాలు ఓడెక్కించి రష్యాకి పంపేసింది. గుండె నిబ్బరమంటే అదీ!

అన్నిటికంటే నాకు నచ్చింది మడ్డి సంగతి. షాంపేన్ సీసాలోనే రెండోసారి పులుస్తుంది. పులిశాక అడుగున మడ్డి మిగులుతుంది. చింతపండు రసం తేర్చుకున్నట్టు ఇంకో సీసాలోకి వంచుదామంటే లోపలి బుడగలన్నీ పోతాయి. బుడగ పోయాక అది షాంపేనే కాదు. 1816 ప్రాంతంలో ఈవిడ ఒక బల్లకి కంతలు పెట్టించి, సీసాల్ని వాటిలో తలకిందులుగా దిగేసి, రోజూ కాస్త కాస్త తిప్పించింది. మడ్డంతా జారి బిరడా దగ్గర చేరుతుంది. బిరడా తీయగానే అదొక్కటే బయటికి చిమ్ముతుంది, మిగతాదంతా తేట. వంటింటి బల్లకే కంతలు కొట్టించిందని కథ చెబుతారు. నిజమో కాదో గాని, వంటింట్లో నెయ్యి, నూనె తేర్చిన ఏ ఆడదైనా నమ్ముతుంది. ఆవిడ దగ్గర పనిచేసిన మ్యుల్లర్ అనే ఆయన చెయ్యి కూడా ఇందులో ఉంది. ఆయన వాటా ఆయనకిద్దాం. చాలాకాలం లోకం షాంపేన్ కనిపెట్టిన ఖ్యాతంతా పెరిన్యోఁ అనే సన్యాసికి కట్టబెట్టింది. ఆయన వైన్ బాగా చేసినవాడే కాని, బుడగని కనిపెట్టింది ఆయన కాదు.

సరే, గొప్పదే. అయితే ఈవిడ గురించి ఎవరు రాసినా ఒకటే పాట: దుఃఖాన్ని దిగమింగి సామ్రాజ్యం కట్టిందట! దుఃఖం వల్ల తెలివి పుడుతుందా అమ్మా? అలాగైతే మన అగ్రహారాల్లో తలలు గొరిగించుకుని మూల కూర్చున్న వాళ్ళందరూ ఎంత సామ్రాజ్యాలు కట్టాలి! తెలివి ముందునుంచీ ఉంది. సంతకం చేసే హక్కు తరవాత వచ్చింది. 1804లో నెపోలియన్ చేయించిన చట్టం ప్రకారం పెళ్ళయిన ఆడది మొగుడి మాటకి లోబడాలి. అతని అనుమతి లేనిదే వ్యాపారం చేయకూడదు. మొగుడు పోతే గాని ఆ తాళం ఊడదు. పెళ్ళికాని పెద్దపిల్లకి చట్టం అడ్డు లేదంటారు, కానీ కొడుకునో అల్లుణ్ణో కాదని దుకాణం తాళాలు కూతురికిచ్చే తండ్రి ఎక్కడున్నాడు?

ఆ మాటకొస్తే క్లికో గారి విధవ కూడా ఇవ్వలేదు. కూతురు క్లెమెంటీన్‌ని ఒక జమీందారుకిచ్చి పెళ్ళి చేసి, వ్యాపారం మాత్రం వెర్లే అనే ఉద్యోగిని భాగస్వామిని చేసుకుని అతని చేతిలో పెట్టింది. ఈ ఒక్క విషయంలో ఆవిడ మీద నాకు కోపం.

తరవాతి వరస చూడండి. పొమెరీ గారి భార్య లూయిజ్ 1858లో విధవ అయ్యాకే పగ్గాలు పట్టింది. అందరూ పాకంలాంటి తీపి షాంపేన్ తాగే రోజుల్లో, 1874 పంటతో తీపిలేనిది చేసి చూపించింది. ఇవాళ లోకమంతా ఎక్కువగా తాగేది ఆ రకమే. బొలాంజే వారి లిలీ 1941లో, జర్మన్లు ఊళ్ళో కూర్చుని ఉండగా, భర్త పోయిన ఏడే వ్యాపారం అందుకుని సైకిలు మీద ద్రాక్షతోటలు తిరిగి చూసుకునేది. ముగ్గురికీ ఒకటే అర్హత పత్రం, మొగుడి మరణం! ముగ్గురి ముత్తైదు రోజుల గురించి వెతికి చూడండి, పెళ్ళి తేదీ దాటి ఎంత దొరుకుతుందో. 1798 నుంచి ఆ ఏడేళ్ళూ క్లికో గారి కోడలు భర్తకేం సలహా చెప్పిందో, ఏ లెక్క సరిచేసిందో ఏ లేబులు చెబుతుంది?

భర్తలు బతికున్న వాళ్ళ మాటేమిటి మరి? ద్రాక్ష కోసినవాళ్ళు, సీసాలు కడిగినవాళ్ళు, రాత్రి దీపం దగ్గర పద్దులు రాసినవాళ్ళు! 1972లో క్లికో కంపెనీవాళ్ళు వ్యాపారం చేసే స్త్రీలకి ఆవిడ పేర బహుమతి పెట్టారు. మంచిదే. అంతకి ఏడేళ్ళ ముందు, 1965లో గాని ఆ దేశంలో వివాహితకి భర్త అనుమతి లేకుండా ఉద్యోగం చేసే హక్కు, తన పేర బ్యాంకు ఖాతా తెరుచుకునే హక్కు రాలేదు. అప్పటికి లిలీ బొలాంజే ఇరవై నాలుగేళ్ళుగా చెక్కుల మీద సంతకాలు చేస్తోంది. ఆవిడ తోటలో ద్రాక్ష కోసే కూలిమనిషి మాత్రం, మొగుడు బతికున్నందుకు, అతన్ని అడగాలి.