ఎఫ్-11 నొక్కే ముందు...

‘ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత’ అన్న సామెతని ఎవరు పుట్టించారో గానీ, సాఫ్ట్‌వేరు వాళ్ళ ఇంటి కంప్యూటర్లని చూస్తే మాత్రం అది మన కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది. ఆఫీసులో క్లయింటు సర్వరు కూలిపోతే ఎన్ని గంటల్లో లేపి నిలబెట్టాలో ముందే రాసి పెట్టుకుంటాం. ఏడాదికి ఒకసారైనా వారాంతంలో రాత్రంతా మేలుకుని, ఆ రాసుకున్నది నిజంగా పనిచేస్తుందో లేదో చేసి చూస్తాం. ‘తిరిగి ఎక్కించి చూడని బ్యాకప్పు బ్యాకప్పే కాదు’ అని కొత్తగా చేరిన పిల్లలకి పాఠాలు కూడా చెబుతాం. అదే మనిషిని పట్టుకుని, పిల్లల అన్నప్రాసన ఫోటోల నుంచి టాక్సు కాగితాల దాకా అన్నీ మోస్తున్న ఇంటి కంప్యూటరు పాడయితే ఏం చేస్తావని అడగండి. ‘ఏముంది, ఎఫ్-11 నొక్కితే రికవరీ వస్తుంది కదా’ అంటాడు.

ఆ ‘వస్తుంది కదా’ అన్న నమ్మకం గురించే ఈ వ్యాసం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కంపెనీ వాడు కంప్యూటరులో పెట్టి ఇచ్చే రికవరీ, పెట్టెని వాడు అమ్మిన రోజు స్థితికి తీసుకెళ్ళడానికి పెట్టింది. మన డేటాని కాపాడడానికి పెట్టింది కాదు. ఆ ఒక్క పనైనా అవసరం పడ్డప్పుడు చేస్తుందో లేదో, ముందుగా చేసి చూస్తే తప్ప తెలియదు. చూడకుండా దాని మీద భారం వేసి కూర్చోవడం మన వృత్తిలో ఉన్నవాళ్ళకి తగని పని.

సీడీ ఎలా మాయమైంది?

మన ఊళ్ళలో కంప్యూటర్లు రెండు రకాలుగా ఉండేవి: అసెంబుల్డ్, బ్రాండెడ్. సికిందరాబాదు సీటీసీ లాంటి చోట్ల విడి భాగాలు కొని బిగించుకున్నవి మొదటి రకం. వాటికి ఏ జబ్బు చేసినా మందు ఒకటే. షాపు కుర్రాడు సీడీ పట్టుకొచ్చి ‘ఫార్మాట్ కొట్టేసేవాడు’. ఆ సీడీ అసలుదా నకలుదా అన్న ప్రశ్న అలా ఉంచండి. మందు మాత్రం జబ్బుపడ్డ డిస్కుకి బయట ఉండేది. ఆ ఒక్క విషయంలో ఆ కుర్రాడి పద్ధతి సరైనదే!

ఇక్కడ అమెరికాలో కాస్ట్‌కోలోనో బెస్ట్ బైలోనో మనం మోసుకొచ్చేది రెండో రకం. 2000 ప్రాంతాల నుంచి ఈ బ్రాండెడ్ పెట్టెలతో పూర్తి విండోస్ సీడీ ఇవ్వడం తగ్గిపోయింది. దాని బదులు కంపెనీ సొంత రికవరీ సీడీలు వచ్చాయి. తరవాత అవీ పోయి, హార్డుడిస్కులోనే ఒక మూల దాచిన పార్టిషను వచ్చింది. హెచ్‌పీలో ఎఫ్-11, ఏసర్‌లో ఆల్ట్ + ఎఫ్-10, ఎక్స్‌పీ రోజుల డెల్‌లో కంట్రోల్ + ఎఫ్-11... తాళంచెవి ఒక్కొక్కరిది ఒక్కో రకం, గది మాత్రం అందరిదీ అదే డిస్కులో.

దీంతో కంపెనీకి సీడీ ఖర్చు మిగిలింది. ‘రికవరీ డిస్కులు మీరే రాసుకోండి’ అంటూ మొదటి రోజు ఒక కిటికీ తెరుచుకునేది. హెచ్‌పీ అయితే ఒక్క సెట్టు మాత్రమే రాసుకోనిచ్చేది. మనం ‘తరవాత’ అన్న బటను నొక్కేవాళ్ళం. ఆ తరవాత ఎప్పటికీ వచ్చేది కాదు.

ఈ ఏర్పాటు ఎంత సున్నితమో డెల్ పాత పద్ధతి చూస్తే అర్థమవుతుంది. ఆ కీ పలకాలంటే డిస్కు మొదట్లో ఉండే మాస్టర్ బూట్ రికార్డులో వాళ్ళు రాసిన ప్రత్యేకమైన కోడు ఉండాలి. సరదాగా లినక్స్ ఎక్కించుకున్నప్పుడు ఆ రికార్డు మారిపోయేది. పార్టిషను చెక్కుచెదరకుండా అక్కడే ఉండేది గానీ, కీ ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ ఉండేది కాదు.

కాలం గడిచాక కొంత మేలు జరిగిన మాట నిజం. 2012లో విండోస్ 8తో ప్రొడక్టు కీని మదర్‌బోర్డు ఫర్మ్‌వేరులోనే పెట్టడం మొదలైంది. స్టిక్కరు మీది 25 అక్షరాలు చెరిగిపోయాయన్న బాధ తప్పింది. 2015లో వచ్చిన విండోస్ 10, విడిగా దాచిన ఇమేజి లేకపోయినా తన సిస్టం ఫైళ్ళతోనే తనని తాను తిరిగి కట్టుకోవడం నేర్చుకుంది. 2020లో ‘క్లౌడ్ డౌన్‌లోడ్’ అన్న దారి కూడా తెరిచారు. అయినా రికవరీలు విఫలమవుతూనే ఉన్నాయి. ఎందుకని?

జబ్బు డిస్కుది, మందు కూడా డిస్కులోనే

రెండేళ్ళ క్రితం మా ఊళ్ళోనే ఉండే ఒక మిత్రుడు ఫోను చేశాడు. వృత్తి రీత్యా క్లౌడ్ ఆర్కిటెక్టు. ఇంట్లో డెస్క్‌టాప్ రోజురోజుకీ నెమ్మదిస్తోందని రీసెట్ కొట్టాడు. కాసేపు తిరిగి, ‘రీసెట్ చేయడంలో సమస్య వచ్చింది, ఏ మార్పులూ జరగలేదు’ అంది. మళ్ళీ కొట్టాడు. అలా మూడుసార్లు. నేను వెళ్ళి డిస్కు ఆరోగ్యం చూపించే స్మార్ట్ అంకెలు చూస్తే, పాడైన సెక్టార్ల లెక్క పెరుగుతూ పోతోంది. నెమ్మదితనానికీ, రీసెట్ ఆగిపోవడానికీ కారణం ఒకటే, డిస్కు చివరి దశలో ఉంది. రీసెట్ కొట్టిన ప్రతిసారీ ఆ డిస్కుని ఈ చివర నుంచి ఆ చివరకి పరుగెత్తిస్తున్నాం. వెంటనే కంప్యూటరు ఆపి, డిస్కు బయటికి తీసి, లినక్స్ నుంచి డీడీరెస్క్యూతో వేరే డిస్కుకి నకలు తీశాం. అది ముందు బాగున్న భాగాలన్నీ చదివేసుకుని, మొండికేసే చోట్లకి చివర్లో వస్తుంది. ఫోటోలు చాలావరకు దక్కాయి, అన్నీ కాదు.

ఇందులో తెలుసుకోవాల్సింది ఒక్కటే. రికవరీ విఫలమైతే, మళ్ళీ నొక్కడం మొదటి పని కాదు. డిస్కు బాగుందా లేదా చూడడం మొదటి పని, డేటా బయటికి తీయడం రెండోది. విండోస్ సంగతి ఆ తరవాత. విండోస్ మళ్ళీ దొరుకుతుంది, ఫోటోలు దొరకవు.

డిస్కు బాగున్నా మరికొన్ని చిక్కులున్నాయి. చోటు కోసం పార్టిషన్లు సర్దినప్పుడు, లేదా పాత డిస్కుని కొత్త ఎస్సెస్డీకి క్లోను చేసినప్పుడు రికవరీ పార్టిషను ఎగిరిపోవచ్చు. ఉన్నా, దాని చిరునామా విండోస్‌కి తెలియకుండా పోవచ్చు. బయటి నుంచి బూట్ చేద్దామంటే, ఇంటెల్ వీఎండీ వాడే కొన్ని కొత్త లాప్‌టాపుల్లో ఇన్‌స్టలేషను సమయంలో డిస్కే కనిపించదు. దానికి కావలసిన డ్రైవరు ముందే పెన్‌డ్రైవులో పెట్టుకుని ఉండాలి.

రికవరీ కూడా సాఫ్ట్‌వేరే

మనం తరచు మరిచిపోయే సంగతి ఇది. ఆ నీలం తెర వెనక ఉన్నది దేవుడేమీ కాదు, మరో చిన్న విండోస్. దానికీ డ్రైవర్లుంటాయి, అప్‌డేట్లుంటాయి, బగ్గులుంటాయి.

2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ ఈ రికవరీ భాగానికే ఒక భద్రతా అప్‌డేటు పంపింది. ఎన్నో కంప్యూటర్లలో రికవరీ పార్టిషను ఇరుకై అది ఎక్కలేదు. పార్టిషనుని 250 ఎంబీ పెంచుకోమని సలహా ఇచ్చారు. కమాండ్ ప్రాంప్టు ముఖం చూడని ఇంటి మనిషికి అది సలహానా, శిక్షా? 2025 ఆగస్టు అప్‌డేటు తరవాత విండోస్ 10లోనూ, విండోస్ 11 పాత వెర్షన్లలోనూ రీసెట్టే పనిచేయడం మానేసింది. ఆగస్టు 19న విడిగా మరో అప్‌డేటు వదిలి సరిదిద్దారు. అదే ఏడాది అక్టోబరు అప్‌డేటుతో, విండోస్ 11 రికవరీ తెర మీద యూఎస్‌బీ కీబోర్డు, మౌసు పనిచేయలేదు. తెర వస్తుంది, బటన్లు కనిపిస్తాయి, నొక్కే దారి లేదు! అక్టోబరు 20న దానికీ విరుగుడు వచ్చింది.

ఇవన్నీ కొద్ది రోజుల్లో సరిచేసినవే, కాదనను. కానీ సరిగ్గా ఆ రోజుల్లోనే మీ కంప్యూటరు మొరాయిస్తే? మనం ఎవరి సాఫ్ట్‌వేరునీ పరీక్షించకుండా ప్రొడక్షనులోకి పోనివ్వం. ఇంటి రికవరీకి ఆ నియమం ఎందుకు వర్తించదు?

అమ్మానాన్నల లాప్‌టాప్

ఇంకో సంగతి నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. సెలవులకి ఇండియా వెళ్తూ మనలో చాలామంది అమ్మానాన్నలకి ఇక్కడి నుంచే లాప్‌టాప్ తీసుకెళ్తాం. రెండు వారాల్లో తిరిగి రావాలి కాబట్టి హడావిడిగా మన ఈమెయిలుతోనే మైక్రోసాఫ్ట్ అకౌంటు తెరిచి, మన అమెరికా ఫోను నంబరు ఇచ్చి అప్పగించి వచ్చేస్తాం.

2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 నుంచి, మైక్రోసాఫ్ట్ అకౌంటుతో మొదలుపెట్టిన కొత్త కంప్యూటర్లలో చాలావాటికి డిస్కు ఎన్‌క్రిప్షను దానంతట అదే ఆన్ అవుతుంది. మంచిదే, దొంగ చేతిలో పడినా డేటా దక్కదు. కానీ ఫర్మ్‌వేరు అప్‌డేటు అయినా, మదర్‌బోర్డు మార్చినా, 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ మన అకౌంటులో ఉంటుంది. కీ లేకపోతే ఊళ్ళో ఏ మెకానిక్కు చేతుల్లోనూ ఏమీ లేదు, ‘ఫార్మాట్ కొట్టేయడం’ తప్ప. విజయవాడలో పొద్దున్న తొమ్మిదింటికి ఆ నీలం తెర ముందు మీ నాన్నగారు కూర్చుని ఉంటారు. ఇక్కడ మీకు అర్ధరాత్రి. ‘వాడు నిద్రపోతుంటాడు, లేపడం ఎందుకులే’ అని ఆయన మెకానిక్కుని ఫార్మాట్ కొట్టేయమంటే, అందులోని ఫోటోల గతి ఏమిటి?

‘ఇప్పుడంతా క్లౌడే కదా, ఇంత గొడవెందుకు’ అని మీరు అనవచ్చు. ఫోనులో తీసిన ఫోటోల వరకు నిజమే కావచ్చు. పాత కెమెరా కార్డుల నుంచి ఎక్కించినవి, స్కాను చేసిన పొలం కాగితాలు, తాతగారి గొంతు రికార్డు చేసిన ఫైళ్ళు ఏ ఫోల్డరులో ఉన్నాయో, అది క్లౌడుకి వెళ్తోందో లేదో ఒకసారి చూసి చెప్పండి. పైగా సింకు వేరు, బ్యాకప్పు వేరు. ఇక్కడ చెరిపితే సింకు అక్కడా చెరిపేస్తుంది.

ఒక గంట పని

చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. అడ్మినిస్ట్రేటరుగా కమాండ్ ప్రాంప్టు తెరిచి ‘రీఏజెంట్‌సీ /ఇన్ఫో’ కొట్టండి. రికవరీ ఎనేబుల్ అయి ఉందో లేదో అదే చెబుతుంది. ఒక ఖాళీ పెన్‌డ్రైవు తీసుకుని (8 జీబీ సరిపోతుంది, అందులో ఉన్నవి చెరిగిపోతాయి) మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే మీడియా క్రియేషన్ టూలుతో విండోస్ ఎక్కించండి. ఆ పెన్‌డ్రైవుతో ఒకసారి నిజంగా బూట్ చేసి, రిపేరు మెనూలోకి వెళ్ళి, డిస్కు కనిపిస్తోందో లేదో చూసి బయటికి వచ్చేయండి. 48 అంకెల కీ అడిగితే ఇంకా మంచిది, మీ దగ్గరున్న కీ సరైనదో కాదో తేలిపోతుంది. ఆ కీని అకౌంటు పేజీ నుంచి కాగితం మీద ప్రింటు తీసి, ఇండియాలో అయితే అమ్మగారి బీరువాలో పెట్టించండి. బీరువా హ్యాంగ్ అవ్వదు! చివరగా, కావలసిన ఫైళ్ళని ఒక బయటి డిస్కుకి నకలు తీసి, దాన్ని కంప్యూటరు నుంచి పీకి వేరే గదిలో దాచండి.

ఇదంతా చేయగలిగింది మనం కాబట్టి మనకి చెబుతున్నాను. అంతమాత్రాన తయారీదారుల బాధ్యత తీరిపోదు. వందల డాలర్లు పోసి కొన్న పెట్టెలో ఒక చిన్న పెన్‌డ్రైవు పెట్టలేనంత పేదవాళ్ళా వాళ్ళు? ఎన్‌క్రిప్షను ఆన్ చేసిన రోజే ‘ఈ కీ లేకపోతే మీ డేటా తిరిగి రాదు, రాసి పెట్టుకోండి’ అని తెర నిండా ఎందుకు చూపించరు? అన్నిటికన్నా ముందు ఆ పేరు మార్చాలి. ఫ్యాక్టరీ రికవరీలో తిరిగి వచ్చేది ఫ్యాక్టరీ సరుకు. దాన్ని ‘రికవరీ’ అంటే, పోయినవన్నీ తిరిగి వస్తాయని మామూలు మనిషి నమ్ముతాడు. ఆ నమ్మకంతోనే ‘అవును, అన్నీ చెరిపేయి’ అన్న బటను కూడా నొక్కుతాడు.

వాళ్ళు మారేదాకా ఆగక్కర్లేదు. వచ్చే శనివారం ఇంట్లో కంప్యూటరుకి ఒక గంట, ఆ రాత్రి వీడియో కాల్‌లో అమ్మానాన్నల లాప్‌టాపుకి మరో గంట కేటాయించండి. క్లయింటుకి ఇచ్చే సమయంలో ఇదెంత?