పథ్యం చాలదు, పరీక్ష కావాలి

మామిడి కోతలు ముగిసి, బక్రీద్ సమీపిస్తున్న రోజులవి. నూజివీడు తోటల్లో కాయకోతకు వెళ్లే ఒక సోదరి మా ఇంటికి వచ్చి, మా శ్రీమతితో చాలాసేపు మాట్లాడింది. ఆమె అనుమతితోనే ఈ సంగతి వ్రాస్తున్నాము. నాలుగు నెలలుగా ఆమె రొమ్ములో చిన్న గడ్డ ఉంది. నొప్పి లేదు. కొలెస్ట్రాల్ వల్లనే రొమ్ము క్యాన్సర్ వస్తుందని ఎవరో చెప్పగా, మాంసం, గుడ్లు మానివేసి, గడ్డ కరుగుతుందని ఎదురుచూస్తోంది. “ఈసారి ఖుర్బానీ మాంసం కూడా ముట్టను ఆపా” అన్నదట.

ఆ మాటలో నిజమెంత? కొలెస్ట్రాల్ విషం కాదు. ప్రతి కణానికీ అవసరమే. అధికభాగాన్ని శరీరమే తయారుచేసుకుంటుంది. మిగిలినది మాంసం, పచ్చసొన, నెయ్యి వంటి వాటినుంచి వస్తుంది. 2013లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక విషయం ప్రకటించారు. కొలెస్ట్రాల్ నుంచి శరీరంలో తయారయ్యే 27-హైడ్రాక్సీకొలెస్ట్రాల్ అనే పదార్థం, ఈస్ట్రోజెన్ హార్మోను వలె పనిచేసి, కొన్ని రకాల రొమ్ము క్యాన్సర్‌ను పెంచుతున్నది. అయితే అది ప్రధానంగా ఎలుకలలో చూసిన ఫలితం. మనుషుల ఆహారం విషయంలో అధ్యయనాలు ఒక్క మాటకు రాలేదు. వయసు, కుటుంబంలో ఈ వ్యాధి ఉండటం, ముట్లుడిగిన తర్వాత స్థూలకాయం, మద్యం ముప్పును పెంచుతాయన్నది మాత్రం రూఢి. బిడ్డకు పాలివ్వడం ఆ ముప్పును కొంత తగ్గిస్తుంది.

అన్నపానాలలో మితిమీరరాదన్నది ఖుర్ఆన్ బోధ. నెయ్యి, కొవ్వు మాంసం తగ్గిస్తే గుండెకూ మేలే. కాని క్యాన్సర్ గడ్డను ఏ పథ్యమూ కరిగించదు. గడ్డలన్నీ క్యాన్సర్ కావు. ఏది అవునో పరీక్షే తేల్చాలి. నొప్పి లేదని ధైర్యపడరాదు. ఆరంభంలో ఈ వ్యాధి తరచు నొప్పి లేకుండానే ఉంటుంది.

మా శ్రీమతి మరికొంత అడిగిన మీదట అసలు కారణం బయటపడింది: పరాయి పురుషునికి చూపించవలసి వస్తుందన్న సిగ్గు. హయా విశ్వాసంలో భాగమని పాఠం చెప్పేది మేమే. ఆ పాఠాన్ని సగంలో ఆపామేమోనని ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. వైద్యం చేయించుకోమని బోధించినదీ దైవప్రవక్త (స) వారే. వైద్యురాలు ఉంటే ఆమెకే చూపించాలి. లేనప్పుడు, అవసరమైన మేరకు వైద్యునికి చూపించడానికి షరీఅత్‌లో అనుమతి ఉంది.

సోదరులారా! ఇంటి ఆడవారు ఈ మాట చెప్పలేకపోతే, అడగవలసిన బాధ్యత మనది. ఆమె భర్తను పిలిపించి మాట్లాడాము. మరునాడే ఇద్దరూ విజయవాడ వెళ్లి, సూది పరీక్ష చేయించారు. ఫలితం ఇంకా రావలసి ఉంది. దుఆ చేయండి.