మధుమేహ రోగికి రాత్రి కావలి

మధుమేహ రోగి లేని కుటుంబము మన కాటన్‌పేటలో నేడు అరుదు. దేశమందు పది కోట్లకు పైగా జనులు ఈ వ్యాధికి లోనైయున్నారని భారతీయ వైద్య పరిశోధనా మండలి 2023లో ప్రకటించిన పరిశీలన అంచనా వేసినది. వీరిలో పలువురు శస్త్రచికిత్సకో, జ్వరమునకో ఏదో యొకనాడు ఆసుపత్రిలో చేరక తప్పదు. అచట ఇన్సులిన్ తీసికొను రోగికి నిజమైన గండము రాత్రివేళ పొంచియుండును.

వ్రేలికి సూది గ్రుచ్చి చేయు పరీక్ష ఆ క్షణపు స్థితిని మాత్రమే తెలుపును. పది గంటలకు సరిగానున్న చక్కెర తెల్లవారుజామున 70 మిల్లీగ్రాములకు దిగజారినచో, నిద్రలోనున్న వృద్ధుడు తన చెమటను, వణుకును గుర్తింపజాలడు. లేచినను తడబాటుతో చెప్పుకొనజాలడు. ఈ కొరతను తీర్చుటకే కంటిన్యువస్ గ్లూకోజ్ మానిటర్ అను సాధనము ఏర్పడినది. భుజముపై అతికించిన చిన్న సెన్సారు చర్మము క్రింది ద్రవములోని చక్కెరను కొద్ది నిమిషముల కొకమారు కొలిచి, అది హద్దు దాటినచో హెచ్చరిక మ్రోగించును. తొలుత ఇండ్లలో వాడుకకై వచ్చిన ఈ సాధనమును, 2020లో కోవిడ్ ప్రబలినప్పుడు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆసుపత్రులలో వాడుటకు అభ్యంతరము చెప్పలేదు. నర్సులు మాటిమాటికి రోగిని సమీపింపకయే చక్కెరను గమనింప వీలైనది.

అయినను యంత్రమును గుడ్డిగా నమ్మరాదు. చక్కెర వేగముగా మారునపుడు దీని లెక్క రక్తపరీక్షకు కొన్ని నిమిషములు వెనుకబడును. రక్తప్రసరణ క్షీణించినవారిలోను, కొన్ని మందులు వాడునపుడును లెక్క తప్పవచ్చును. కనుకనే ఆసుపత్రిలో ఇన్సులిన్ మోతాదును నిర్ణయించునపుడు, చక్కెర పడిపోయినదని తోచినపుడు రక్తపరీక్షతో సరిచూడవలెనని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ సూచించుచున్నది.

మేము చెప్పదలచినది ఒక్కటే. హెచ్చరిక మ్రోగినంత మాత్రమున రోగి రక్షింపబడడు. దానిని విని లేచి వచ్చువా రుండవలెను. సాధనమును కొని, రాత్రి నర్సులను తగ్గించు ఆసుపత్రిగాని వృద్ధాశ్రమముగాని రోగికి చేసిన మేలు శూన్యము. మ్రోత విన్నవారు ఎవరు, పరీక్షించువారు ఎవరు, వైద్యునికి తెలుపువారు ఎవరు అనునది ముందుగనే వ్రాసియుంచవలెను. వేల రూపాయల ఖర్చు భరింపలేని సాధారణ వార్డు రోగులలో అపాయము హెచ్చుగా నున్నవారికైనను ప్రభుత్వము దీనిని సమకూర్చుట న్యాయము.

మన కుటుంబములవారికి ఒక మనవి. పెద్దలను ఆసుపత్రిలో చేర్చునాడు వారు వాడు ఇన్సులిన్ పేరు, మోతాదు, కడపట భుజించిన వేళ కాగితముపై వ్రాసి యిండు. సెన్సారున్నచో ఆ సంగతి మొదటనే, ఎమ్మారై పరీక్షకు ముందు మరల, తెలుపుడు. యంత్రములోని అంకెను చూచి మీయంతట మోతాదు మార్చకుడు. ఈపాటి జాగ్రత్త ఒక ప్రాణమును నిలుపవచ్చును.