ముందుగదిలో డేకేర్

‘ఎలాగూ ఇంటి పట్టునే ఉంటున్నావు కదమ్మా, మా బుడ్డోణ్ణి కూడా కాస్త కనిపెట్టుకుని ఉండు.’ మన అపార్టుమెంట్లలో చాలా డేకేర్లు ఇలాంటి మాటతోనే మొదలవుతాయి. పై అంతస్తు ఆవిడకు ప్రసూతి సెలవు అయిపోయింది. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. ఆయా చెప్పాపెట్టకుండా మానేసింది. కింది ఫ్లాటులో చంటిబిడ్డ కోసం ఉద్యోగం వదులుకున్న తల్లి ఒకామె ఉంది. మొదట మొహమాటానికి సరేనంటుంది. నెల తిరిగేసరికి ఆ నోటా ఈ నోటా విని ఇంకో ఇద్దరు అడుగుతారు. ముందుగదిలో సోఫా గోడవారకు జరుగుతుంది, నేలమీద రంగురంగుల చాపలు పరుచుకుంటాయి. వాచ్‌మన్‌ను అడిగితే ‘క్రెష్ అక్క వాళ్లిల్లా?’ అంటూ లిఫ్టు చూపిస్తాడు.

ఈ ముందుగది లేకపోతే చాలామంది తల్లుల ఉద్యోగాలు నిలవవు. అమ్మమ్మలు, నాయనమ్మలు ఊళ్లో ఉన్నారు. కొలువులు మియాపూర్‌లోనో, కొండాపూర్‌లోనో, బెంగళూరులోనో ఉన్నాయి. చట్టం సాయం చేయలేదని కాదు. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించి, మొదటి ఇద్దరు బిడ్డల వరకు సెలవును 26 వారాలకు పెంచారు. 50 మందికి తగ్గకుండా పనిచేసేచోట క్రెష్ ఉండాలన్నారు. మరి పదిమంది నర్సులున్న నర్సింగ్ హోములో, నలుగురు అమ్మాయిలు నిలబడి చీరలు చూపించే దుకాణంలో, వీధి చివరి ప్రైవేటు బడిలో పనిచేసే తల్లి ఏం చేయాలి? బిడ్డకు ఆర్నెల్లు నిండేసరికి సెలవు ముగిసింది. ప్లేస్కూలుకు ఇంకా రెండేళ్లు ఆగాలి. అంగన్‌వాడీ నుంచి బాలామృతం ప్యాకెట్ ఇంటికి వస్తుంది గానీ, మూడేళ్లలోపు పిల్లల్ని రోజంతా ఉంచుకునే ఏర్పాటు అక్కడ మామూలుగా ఉండదు. ఆ ఖాళీలో నిలబడి బిడ్డను అందుకుంటున్నది పక్కింటి తల్లే.

పని చిన్నదేమీ కాదు. సొంతబిడ్డ ఒక్కడే ఉన్నప్పుడు కంటికి ఆనని ప్రమాదాలన్నీ ఐదుగురు చేరేసరికి కనిపిస్తాయి. స్నానాలగదిలో సగం నిండిన బకెట్టు చాలు, పాకే బిడ్డ తలకిందులుగా పడితే తనంతట తాను లేవలేడు. ప్లగ్గులకు మూతలు పెట్టాలి, బాల్కనీ ఊచల మధ్య చిన్న తల దూరుతుందేమో చూడాలి, పప్పు గిన్నె చేతికందని ఎత్తులో ఉండాలి. వేరుశనగ గుళ్లు, గుండ్రటి ద్రాక్షలు గొంతుకు అడ్డం పడతాయి కనుక ద్రాక్షను నిలువునా చీల్చి పెట్టాలి. ఒకడికి ఆవుపాలు పడవు. ఇంకొకతె పొట్లకాయ ముక్క కనబడితే నోరు తెరవదు. మూడో వాడు జో కొడితేగానీ నిద్రపోడు, వాడు నిద్రపోయే వేళకు మొదటివాడు లేస్తాడు. మధ్యాహ్నం ఒకే కంచంలో మెత్తగా కలిపిన పప్పన్నం, నెయ్యి. ఒక్కొక్కరికి ఒక్కో చెంచా, వరసగా ఐదు నోళ్లు. ఆ అరగంటలో ఫోన్ మోగినా తీసే వీలుండదు. ఇదంతా నేర్పు. ఏ బడీ పట్టా ఇవ్వలేదు కాబట్టి దాన్ని నేర్పు అనకపోవడం అన్యాయం.

అన్నిటికన్నా కష్టం వేరే ఉంది, దాన్ని పైవాళ్లు గమనించరు. ఉద్యోగం మానింది ఎవరికోసమో ఆ బిడ్డే ఈ ఏర్పాటులో ముందుగా నొచ్చుకుంటాడు. నిన్నటిదాకా అమ్మ ఒడి తన ఒక్కడిదే, బొమ్మ కారు తనదే. ఇవాళ ఎవరో వచ్చి రెండూ పంచుకుంటున్నారు. మూడేళ్ల పిల్లాడు పక్కవాణ్ణి నెట్టి ‘మా అమ్మ’ అని ఏడిస్తే, ఏ తల్లయినా ఎదుటి బిడ్డను సముదాయించి సొంతబిడ్డను కోప్పడుతుంది. పరాయి పిల్ల కదా, మాట వస్తుందని భయం. రోజుకు పదిసార్లు ఇలా జరిగితే ఆ పసిమనసు ఏమవుతుంది? అనుభవం ఉన్నవాళ్లు దీనికి ఒక దారి కనిపెట్టారు. వాడి బొమ్మల్లో కొన్నిటిని లోపలిగదిలో పెట్టి, ఇవి ఎవరికీ ఇవ్వనక్కర్లేదని మాట ఇస్తారు. సాయంత్రం ఆఖరి బిడ్డ వెళ్లాక పొయ్యి వెలిగించేముందు కాసేపు పూర్తిగా వాడితోనే కూర్చుంటారు. ఆ కాసేపటినీ దోచుకునేది ఎవరంటే, ఆరింటికి వస్తామని ఏడున్నరకు వచ్చే తల్లిదండ్రులు. ట్రాఫిక్ నిజమే, మీటింగు నిజమే. ఆ గంటన్నర మాత్రం ఇంకో పసివాడిది.

డబ్బు దగ్గరికి వస్తే మన గొంతు మారిపోతుంది. కారు కడిగేవారికి, జిమ్ముకు బేరం లేకుండా ఇచ్చేవారు కూడా ఇక్కడ ‘మనవాళ్లమే కదా’ అంటారు. సంక్రాంతికి ఊరెళ్లిన వారం రోజులకు కోత పెడతారు. అడగడానికి ఆమెకు నోరు రాదు, ఇవ్వడానికి వీరికి తోచదు. జాతీయ గణాంక కార్యాలయం 2019 సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపనికి ఆ పని చేసే ఆడవారు రోజుకు 299 నిమిషాలు, మగవారు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. ఇంట్లో ఊరికే జరిగిపోయే పనికి వెల కట్టడం అలవాటు లేక, అదే పని పక్కింటి బిడ్డకు చేసినప్పుడూ వెల కట్టలేకపోతున్నాం.

ఇలాంటి పనికి గుర్తింపు ఇవ్వడం కొత్తేమీ కాదు. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలు మన దుర్గాబాయి దేశ్‌ముఖ్. స్థానిక మహిళల చేత ఊళ్లలో బాలవాడీలు నడిపించిన చరిత్ర ఆ మండలిది. దూరాన ఉన్న కొలంబియా 1980లలోనే పేదపేటల్లోని తల్లుల ఇళ్లను శిశు సంరక్షణ కేంద్రాలుగా గుర్తించింది. వారికి ఏళ్ల తరబడి దక్కింది చిన్నపాటి భత్యమే. పోరాడగా పోరాడగా 2014లో కనీస వేతనంతో ఉద్యోగ ఒప్పందాలు వచ్చాయి. ఫ్రాన్సులో ఇంటివద్ద పిల్లల్ని చూసే మహిళకు ప్రభుత్వ అనుమతి, 120 గంటల శిక్షణ ఉంటాయి, ఒకేసారి మామూలుగా నలుగురికి మించి ఉంచుకోకూడదు. మన పట్టణాల్లో పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా ఉంది, పొదుపు సంఘాలున్నాయి, వార్డుల్లో ఆశా కార్యకర్తలు తిరుగుతున్నారు. ఇంటి డేకేర్ నడిపే తల్లికి, బిడ్డ గొంతులో మెతుకు అడ్డం పడితే ఏం చేయాలో నేర్పే నాలుగు రోజుల శిక్షణ, ఫీజుల బెడద లేని నమోదు, నెలకోసారి ఆశా వచ్చి పిల్లల బరువు చూడటం, ఇవి కొత్తగా కట్టాల్సిన భవనాలేమీ అడగవు. నమోదు పేరుతో తనిఖీల వేధింపు మొదలైతే మాత్రం ఉన్న ముందుగదులూ మూతపడతాయి.

ఈ పని మొదలుపెట్టాలనుకుంటున్న తల్లి ఒక కాగితం రాసుకుంటే మంచిది. ఎంతమందిని చూడగలదు, వేళలు ఏమిటి, నెలకు ఎంత, సెలవులకు ఎలా, ఆలస్యమైతే ఎంత, జ్వరం వస్తే బిడ్డను ఇంట్లో ఉంచుకోవాలా పంపవచ్చా, అన్నీ మొదటిరోజే చెప్పి ఆ కాగితం చేతిలో పెట్టాలి. మొహమాటపడనక్కర్లేదు. అందులో ఆఖరి పంక్తిగా, బిడ్డను తీసుకెళ్లడానికి కొత్తవారు వస్తే, తాతగారినని చెప్పినా సరే, మీకు ఫోన్ చేసి అడిగాకే పంపుతానని రాసి ఉంటే, పై పంక్తిలో రాసిన రుసుముకు ఎవరూ బేరమాడరు.