విషపు గాలి, చిన్న బడ్జెట్: ‘ప్రాస్పెక్ట్’ చెప్పింది, చెప్పకుండా వదిలేసింది

అండమాన్ దీవుల్లో చాతం ఒక చిన్న ద్వీపం. నిన్నమొన్నటి దాకా పోర్ట్ బ్లెయిర్ అని పిలిచిన శ్రీ విజయపురానికి దాన్ని ఒక వంతెన కలుపుతుంది. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ ఈస్టిండియా కంపెనీ తరఫున తొలి స్థావరం వేసింది ఇక్కడే. మూడేళ్లకే ఆ స్థావరాన్ని ఉత్తర అండమాన్‌కు తరలించారు. అక్కడ జబ్బులు, చావులు పెరగడంతో 1796లో పూర్తిగా ఎత్తేశారు. 1858లో ఖైదీలతో మళ్లీ వచ్చినవారు కూడా ముందు చాతంలోనే దిగారు. మంచినీళ్లు చాలక రాస్ దీవికి మారారు. 1883లో చాతంలో కలప కోసే సామిల్లు మొదలైంది. అంటే అడవి గాలికి భయపడిన మనుషులే ఆ అడవి సంపద కోసం అక్కడ పాతుకుపోయారు.

సరిగ్గా ఇలాంటి కథనే మరో లోకంలో నడిపిన చిత్రం ‘ప్రాస్పెక్ట్’. క్రిస్టఫర్ కాల్డ్‌వెల్, జీక్ ఎర్ల్ తమ 2014 నాటి లఘుచిత్రాన్ని పెంచి, 2018లో దీన్ని పూర్తి నిడివి చిత్రంగా తీశారు. హాలీవుడ్ లెక్కల్లో దాని ఖర్చు చాలా తక్కువ. కథ పాత కౌబాయ్ సినిమాలదే. నిధి, తుపాకులు, నమ్మలేని తోడు, ఎవరి చట్టమూ చెల్లని నేల అన్నీ ఉంటాయి. 1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’ చూసిన తెలుగు ప్రేక్షకులకు ఈ దినుసులన్నీ తెలిసినవే. ఎడారి స్థానంలో ఒక పచ్చని ఉపగ్రహం, గుర్రం స్థానంలో చిన్న వ్యోమనౌక వచ్చాయి. సీ అనే అమ్మాయి రత్నాల వేటకు తండ్రితో కలిసి అక్కడ దిగుతుంది. కాల్పుల్లో తండ్రిని పోగొట్టుకుని, ఆ కాల్పుల్లో ఎదుటి పక్షాన ఉన్న ఎజ్రాతోనే చేయి కలపాల్సి వస్తుంది.

డబ్బు లేకపోవడమే మేలైంది

ఈ చిత్రానికి పెద్ద బలం గాలి. ఆ అడవి నిండా ప్రాణాంతకమైన ధూళి తేలుతూ ఉంటుంది. శిరస్త్రాణం, గాలిని వడకట్టే ఫిల్టర్ లేకుండా బయట నిలవలేరు. భారీ గ్రాఫిక్స్‌కు డబ్బు లేనప్పుడు దర్శకులు ప్రమాదాన్ని రాక్షసుల్లో కాకుండా శ్వాసలో పెట్టారు. పాత్రలు ఊపిరి తీసే ప్రతి చప్పుడూ ప్రేక్షకుడికి గడియారంలా వినిపిస్తుంది.

ఇందులో విజ్ఞానం కూడా గట్టిదే. ఫిల్టర్ జల్లెడ లాంటిదని చాలామంది అనుకుంటారు. నిజానికి పెద్ద కణాలు తమ వేగం వల్ల దారి మళ్లలేక పోగులకు గుద్దుకుంటాయి. అతి చిన్నవి గాలి అణువుల తాకిడికి అటూ ఇటూ తిరుగుతూ పోగులకు అంటుకుంటాయి. రెంటికీ మధ్యలో, సుమారు 0.3 మైక్రాన్ల దగ్గర ఉన్న కణాలను పట్టుకోవడమే కష్టం. కోవిడ్ రోజుల్లో అందరికీ తెలిసిన ఎన్-95 మాస్కును పరీక్షించేది అందుకే ఆ పరిమాణం దగ్గర. ధూళి పేరుకున్న కొద్దీ ఊపిరి పీల్చడం బరువవుతుంది. ఫిల్టర్‌కు ఆయుష్షు ఉంటుందన్న ఈ చిన్న నిజం మీద సినిమా తన ఉత్కంఠలో చాలా భాగాన్ని నిలబెట్టింది.

ధూళి చంపుతుందంటే అతిశయోక్తి అనిపించవచ్చు. మరో లోకపు సూక్ష్మజీవి మనిషి ఒంట్లో వ్యాధి తేవాలంటే ఇద్దరి జీవరసాయనాలు కలవాలి. ధూళికి అలాంటి చుట్టరికం అవసరం లేదు. రాతి పొడి ఊపిరితిత్తులను గట్టిపరుస్తుంది. చాతం లాంటి సామిళ్లలో లేచే రంపపు పొట్టు ధూళిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలోనే చేర్చింది.

రెండో బలం పని. నేలలోని మెత్తని కండలాంటి తిత్తిలోంచి రత్నాన్ని కోసి తీసే దృశ్యాలు ముత్యపు చిప్పను విప్పుతున్నంత జాగ్రత్తగా ఉంటాయి. పనిముట్లు వాడి వాడి అరిగినట్టు కనిపిస్తాయి. చేయి తప్పితే రత్నం పాడవుతుంది. విజ్ఞానమంటే పెద్ద మాటలు కాదనీ, చేతి నేర్పు కూడా అనీ సినిమా ఉపన్యాసం లేకుండా చెప్పింది.

జేబు చిక్కు, ఊహ చిక్కు

లోపాల్లో కొన్ని జేబు చిన్నదవడం వల్ల వచ్చినవి. చిత్రీకరణ అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రపు వానల అడవిలో జరిగింది. నాచు, ఫెర్న్ మొక్కలు, చెట్లు అన్నీ భూమివే. నడక కూడా భూమి మీది నడకే. సౌరకుటుంబంలో అన్నింటికన్నా పెద్ద ఉపగ్రహమైన గానిమీడ్ మీద గురుత్వాకర్షణ భూమి మీది దాంట్లో ఏడో వంతే. మనుషులు ఇంత మామూలుగా నడిచే ఉపగ్రహం ఉండాలంటే అది దానికి ఎన్నో రెట్లు బరువైనదై ఉండాలి. అసాధ్యమని కాదు, కానీ సినిమా ఆ ఊసే ఎత్తదు. ఇలాంటివి క్షమించవచ్చు. గురుత్వాన్ని తగ్గించి చూపడానికి డబ్బు కావాలి.

క్షమించలేనిది పైసా ఖర్చు లేకుండా సరిదిద్దగలిగిన లోపం. ఈ అడవి ఎవరిది? అక్కడే స్థిరపడిన ఒక కుటుంబం తెర మీదికి వస్తుంది. కానీ వాళ్లు విచిత్రమైన మనుషులుగా, బేరం కోసమే వచ్చి వెళ్లిపోతారు. ఆ గాలిలో వాళ్లు తరాలు ఎలా నెట్టుకొస్తారో, ఏం తెలుసుకున్నారో చిత్రానికి ఆసక్తి లేదు. అడవి అంటే విషం, లేదా గని. పాత కౌబాయ్ చిత్రాల అసలు జబ్బు ఇదే. వచ్చినవాడి కళ్లకు నేల ఎప్పుడూ ఖాళీగానే కనిపిస్తుంది.

చాతం చుట్టూ జరిగిన చరిత్ర దీనికి సరైన జవాబు. ఆ రోజుల్లో అడవి జ్వరాలకు చెడు గాలే కారణమని నమ్మేవారు. ‘మలేరియా’ అన్న మాటకు అర్థమే చెడు గాలి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టాడు. తప్పు గాలిది కాదని అప్పుడు తేలింది. రెండో నిజం ఇంకా చేదు. ఆ దీవులు ఖాళీగా లేవు. గ్రేట్ అండమానీయులు 1859లో అబర్దీన్ దగ్గర ఆక్రమణదారులను ఎదిరించారు. వారిని అన్నింటికన్నా ఎక్కువగా కూల్చినవాటిలో వచ్చినవాళ్లు తెచ్చిన జబ్బులు ఉన్నాయి. 1877 నాటి తట్టు ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టింది. అంతకుముందెన్నడూ ఆ వ్యాధి ఎరగని శరీరాలకు దాన్ని తట్టుకునే శక్తి లేదు. ఒకప్పుడు వేలల్లో ఉన్న ఆ జాతి నేడు పదుల్లో మిగిలింది. బయటివారు సెంటినలీల దగ్గరికి వెళ్లకూడదన్న నిషేధం వెనుక ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి.

అంటే విషం ఒక్క వైపే ప్రవహించదు. వచ్చినవాడి ఊపిరి కూడా అడవికి ప్రమాదమే. ‘ప్రాస్పెక్ట్’లో ఫిల్టర్ బయటి ధూళిని లోపలికి రాకుండా ఆపుతుంది. లోపలి ఊపిరి బయటివాళ్లకు ఏం చేస్తుందన్న ప్రశ్న ఒక్క పాత్రకూ తట్టదు. ఇతర గ్రహాలకు నౌకలు పంపే సంస్థలు మాత్రం వాటిని సూక్ష్మజీవుల నుంచి ముందే శుభ్రం చేస్తున్నాయి. ఈ విషయంలో సినిమా కన్నా నిజ జీవితపు విజ్ఞానమే ముందుంది.

అయినా ఈ చిత్రాన్ని తప్పక చూడాలి. తక్కువ డబ్బుతో విజ్ఞాన కల్పన తీయాలనుకునే తెలుగు యువ దర్శకులకు ఇది మంచి పాఠం. 1991లో ‘ఆదిత్య 369’ తీసిన పరిశ్రమకు ఊహ కొత్త కాదు. ఒక్క భౌతిక నియమాన్ని ఎంచుకుని దాన్ని చివరిదాకా నమ్మకంగా పట్టుకుంటే రాక్షసులు, పేలుళ్లు లేకుండానే సినిమా నిలబడుతుందని ‘ప్రాస్పెక్ట్’ రుజువు చేసింది. అది వదిలేసిన కథను అందుకోవడం తర్వాతివాళ్ల వంతు. అందుకు మరో గ్రహం దాకా వెళ్లనక్కర్లేదు. విశాఖ నుంచి ఓడెక్కి చాతంలో దిగి, దుంగ కోసే శబ్దం వింటూ, ఆ చెట్టు నీడలో ఒకప్పుడు ఎవరు బతికారని అడిగితే చాలు.