‘ఫోను పాడైంది’ అనే ముందు

“మా ఫోను పాడైంది” అని మీలో ఎవరైనా అంటే నేను వెంటనే నమ్మను. ‘పాడవడం’ అనేది కారణం కాదు. ‘ఒంట్లో బాగా లేదు’ అంటే ఏ జబ్బో తెలియనట్టే ఇదీ. చార్జింగు ఎక్కడం లేదా? ఎక్కింది నిలవడం లేదా? వేడెక్కుతోందా? మాటిమాటికీ హ్యాంగ్ అవుతోందా? ఏదో ఒక్క ఆప్ మాత్రమే తెరవగానే మూతపడుతోందా? ఇవన్నీ వేరువేరు జబ్బులు. కాని సూర్యాపేటలో చూడండి, కోదాడలో చూడండి, మిర్యాలగూడలో చూడండి, ఇళ్ళల్లో వీటికి చేసే వైద్యం మూడు రకాలే. బియ్యంలో పూడ్చడం, రీసెట్ కొట్టడం, కొత్తది కొనడం. మొదటిది శుద్ధ దండగ. మిగిలిన రెండూ చిట్టచివర చేయవలసినవి. ముందు చేయవలసిన పని వేరే ఉందని నా వాదన.

బియ్యం సంగతి మొదట తేల్చుకుందాం. దీన్ని గురించి మిర్యాలగూడ పిల్లలకు నేను చెప్పేదేముంది? సాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లు చేరే మిల్లుల ఊరు కదా! కొనుగోలు కేంద్రంలో తేమ కొలిచే మిషను మీరు చూసే ఉంటారు. వడ్లలో తేమ 17 శాతానికి మించకూడదని నిబంధన. అందుకే రైతులు వడ్లను రోడ్ల పక్కన పలచగా పరిచి, రోజుల తరబడి కాళ్ళతో తిరగదోస్తారు. కుప్పగా ఎందుకు ఉంచరు? కుప్పలో గాలి ఆడదు. లోపలి తేమ పోదు సరికదా, వేడెక్కి గింజ రంగు మారుతుంది. అంటే తడిని మోసుకుపోయేది కదిలే గాలి అన్నమాట. ఆ వడ్లు ఆడించి బియ్యం చేశాక కూడా వాటిలో నూటికి పదమూడు, పద్నాలుగు పాళ్ళ దాకా నీరుంటుంది. తనలోనే అంత నీరు దాచుకున్న బియ్యం, ఫోను లోపల వెంట్రుకవాసి సందుల్లో ఇరుక్కున్న చుక్కను బయటికి లాగుతుందా? పైపెచ్చు బియ్యానికి అంటుకున్న తవుడు, సన్నని నూక చార్జింగు కన్నంలోకి దూరతాయి. తడిసిన ఫోనును బియ్యంలో పెట్టవద్దని 2024లో ఆపిల్ కంపెనీ కూడా తన ఫోన్లు వాడేవారికి చెప్పింది. ఆండ్రాయిడ్ ఫోనులో అయినా కన్నం కన్నమే, నీరు నీరే.

అసలు ఫోనును చంపేది నీరొక్కటే కాదు, నీరూ కరెంటూ కలిసి చంపుతాయి. బోరు నీళ్ళలో లవణాలు కరిగి ఉంటాయి. కరెంటు ఉన్న రెండు లోహపు గీతల మధ్య ఆ నీరు నిలిచిందంటే, మీరు బడిలో చదువుకునే విద్యుద్విశ్లేషణ అక్కడ మొదలవుతుంది. ఒకచోట లోహం కరిగిపోతుంది, ఇంకోచోట పేరుకుంటుంది. కాబట్టి మొట్టమొదట ఫోను ఆపెయ్యాలి. ‘బతికిందో లేదో చూద్దాం’ అని చార్జరు గుచ్చకూడదు. సిమ్ము పెట్టే ట్రే బయటికి లాగి, కన్నం కిందికి ఉండేట్టు పట్టుకుని మెల్లగా తట్టి, ఒక రోజంతా ఫ్యాను గాలికి వదిలెయ్యండి. వడ్లు ఆరబెట్టినట్టే, ఎండ ఒక్కటి మినహా.

ఎండ ఎందుకు వద్దంటే లోపల లిథియం బ్యాటరీ ఉంది. 1991లో సోనీ కంపెనీ మొదటిసారి మార్కెట్‌లోకి తెచ్చిన రకం ఇది. దీని వెనుక కృషి చేసిన గుడ్‌ఇనఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురికి 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. (అప్పటికి గుడ్‌ఇనఫ్ గారి వయస్సు 97!) చార్జి చేస్తే లిథియం అయాన్లు ఒక పలక నుంచి రెండో పలకలోకి వెళతాయి, వాడుకుంటే తిరిగి వస్తాయి. వేడి పెరిగితే ఈ రాకపోకలతోబాటు అక్కరలేని రసాయన చర్యలు కూడా జోరందుకుని బ్యాటరీ ఆయుష్షును తినేస్తాయి. చాలా కంపెనీలు 35 డిగ్రీల లోపు వాడమని చెబుతాయి. మన వైపు మే నెలలో 44 డిగ్రీలు దాటే రోజులు కూడా ఉంటాయి! అప్పుడు ఫోను తనంతట తానే చార్జింగు తగ్గించుకుంటుంది, నెమ్మదిగా పనిచేస్తుంది. అది జబ్బు కాదు, దాని జాగ్రత్త. కాని బ్యాటరీ ఉబ్బి, వెనక డొప్ప లేచిందంటే మాత్రం నొక్కవద్దు, గుచ్చవద్దు, చార్జి పెట్టవద్దు. అది పెద్దవాళ్ళకు చెప్పి మెకానిక్కుకు అప్పగించవలసిన విషయం.

ఇక చార్జింగు ఎక్కడం లేదనుకోండి. అనుమానితులు అయిదుగురు: గోడ ప్లగ్గు, అడాప్టరు, వైరు, చార్జింగు కన్నం, బ్యాటరీ. పక్కింటివాళ్ళ అడాప్టరూ వైరూ రెండూ తెచ్చి ఒకేసారి పెట్టి, ‘ఎక్కింది!’ అని గంతులేస్తే దొంగ ఎవరో తెలియలేదు. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మీ అడాప్టరుకు వాళ్ళ వైరు. తరవాత మీ వైరుకు వాళ్ళ అడాప్టరు. మీ రెండింటితో వాళ్ళ ఫోను ఎక్కుతోందా అన్నది మూడో పరీక్ష. లాబొరేటరీలో శాస్త్రజ్ఞుడు చేసేదీ ఇదే. చాలాసార్లు దొంగ కన్నంలోనే దొరుకుతాడు. జేబులోని నూలు పోగులు, దుమ్ము నెలల తరబడి కూరుకుపోయి, వైరు కొన లోపలిదాకా దిగదు. ఫోను ఆపి, సన్నని చెక్క పుల్లతో నెమ్మదిగా తియ్యండి. సూది, పిన్నీసు వద్దు.

సిగ్నలు విషయంలో చిన్న మాట. కోదాడ దాటి విజయవాడ వైపు బస్సులో పోతుంటే బ్యాటరీ త్వరగా అయిపోతే, ‘రాష్ట్రం మారింది గనక’ అంటారు కొందరు. టెలిఫోను లెక్కల్లో రెండు తెలుగు రాష్ట్రాలూ కలిసి ఒకటే సర్కిలు. కారణం అది కాదు. టవరు దూరమైన కొద్దీ దానికి వినిపించడానికి ఫోను గట్టిగా అరవాలి, అరుపుకు ఖర్చు ఎక్కువ.

ఫోను హ్యాంగ్ అవుతోందంటే ముందు మెమరీ ఎంత ఖాళీ ఉందో చూడండి. పొద్దున్నే వచ్చే గులాబీపూల ‘గుడ్ మార్నింగ్’ బొమ్మలే సగం రోగం. ఏదో ఆప్ తెచ్చాక మొదలైతే సేఫ్ మోడ్‌లో తెరవండి. అందులో ఫోనుతో వచ్చిన ఆప్‌లు మాత్రమే నడుస్తాయి. అక్కడ బాగుంటే తప్పు మీరు తెచ్చుకున్నదానిదే. తప్పు ఒక్కోసారి మన ఇంట్లోనే ఉండదు. 2021 మార్చి 22, 23 తేదీల్లో ప్రపంచమంతటా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆప్‌లు తెరవగానే మూతపడ్డాయి. దోషం ఆ ఆప్‌లది కాదు, వాటిలో వెబ్ పేజీలు చూపించే వెబ్‌వ్యూ అనే భాగానిది. గూగుల్ సవరించి పంపగానే కుదుటపడ్డాయి. ఐఫోన్ల సంగతి ఇంకా చిత్రం: 2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ అక్షరం, కంటికి కనిపించని ఒక గుర్తుతో కలిసి వస్తే చాలు, అందులో ఆప్‌లు కుప్పకూలేవి! విజ్ఞానంలోని ‘జ్ఞా’యే సుమా.

అలాంటి రోజున రీసెట్ కొట్టినవాడికి ఏం మిగులుతుంది? ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడమే. చాలా ఇళ్ళల్లో ఫోను ఒక్కటే. 2020 సెప్టెంబరులో టీశాట్ పాఠాలు మొదలైనప్పుడు బడి కూడా ఎందరికో అందులోనే నడిచింది. నాయనమ్మ ఆఖరి ఫొటో అందులోనే ఉండొచ్చు. ఇంకో చిక్కుంది. బటన్లు నొక్కి బలవంతంగా రీసెట్ చేస్తే ఫోను పాత గూగుల్ ఖాతా పాస్‌వర్డు అడుగుతుంది. దొంగల కోసం 2015లో పెట్టిన తాళం అది. కొన్న రోజున షాపు కుర్రవాడు తెరిచిన ఖాతా అయితే దాని పాస్‌వర్డు మీ నాన్నగారికి ఏం తెలుసు? అందుకని పాస్‌వర్డు ఈ రోజే కనుక్కుని ఒక కాగితం మీద రాసి భద్రం చెయ్యండి, ఫొటోలు వేరేచోట దాచండి.

‘ఫోను బాగు చేస్తాం, ఫలానా ఆప్ వేసుకోండి’ అని ఎవరైనా ఫోనులో చెబితే పెట్టెయ్యండి. మన తెరను దూరం నుంచి నడిపించే ఎనీడెస్క్ వంటి ఆప్‌లతో మోసాలు జరుగుతున్నాయని 2019 ఫిబ్రవరిలోనే రిజర్వు బ్యాంకు హెచ్చరించింది. డబ్బు పోయిందంటే వెంటనే 1930కి చెప్పాలి.

షాపుకు వెళ్ళక తప్పని రోజూ వస్తుంది. పగిలిన తెర, ఉబ్బిన బ్యాటరీ మన చేతిలో పని కాదు. మంచి మెకానిక్కు నాకు డాక్టరుతో సమానం. ‘ఎప్పటి నుంచి? కింద పడిందా? తడిసిందా? కొత్తగా ఏమైనా వేశారా?’ అని అడుగుతాడు, తరవాతే స్క్రూలు విప్పుతాడు. ఇవేవీ అడగకుండా ‘బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోండి’ అనేవాడి మాట మీద వేలకు వేలు పోయకండి. మీరు చేసిన పరీక్షలన్నీ చీటీ మీద రాసుకెళ్ళి చూపించండి, ఆయనకు సగం పని తగ్గుతుంది. విప్పేటప్పుడు పక్కనే నిలబడి చూస్తానని అడగండి. చూడనివ్వనంటే, ఆ వీధిలోనే ఇంకో షాపు ఉంటుంది.